చిన్న సర్వర్ రూమ్ కరెంటు తగ్గించాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

మీ దగ్గర రెండు మూడు ర్యాకుల సర్వర్ రూమ్ ఉంది. అది ఇంజినీరింగ్ కాలేజీలో కావచ్చు, వంద పడకల ఆసుపత్రిలో కావచ్చు, యాభై మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో కావచ్చు. కరెంటు బిల్లు ఇంతెందుకు వస్తోందని మేనేజ్‌మెంట్ అడుగుతోంది. వెండర్లను పిలిస్తే ఒకరు కొత్త ఏసీలంటారు, ఒకరు మిద్దె మీద సోలార్ అంటారు, ఒకరు యూపీఎస్ మార్చమంటారు, ఇంకొకరు అసలు గదే వద్దు, క్లౌడ్‌కి వెళ్లిపొమ్మంటారు. అన్నీ పనికొచ్చే సలహాలే. అయితే అన్నీ అందరికీ కాదు. పైగా వాటిని ఏ వరసలో చేస్తారన్నదాన్ని బట్టి పెట్టే ఖర్చూ మిగిలే కరెంటూ చాలా మారిపోతాయి. చాలామంది వరస తిరగేసి మొదలుపెడుతున్నారు. అందుకే ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొలవండి

నిర్ణయానికి ముందు రెండు అంకెలు చేతిలో ఉండాలి. ఒకటి, సర్వర్లు, స్విచ్చులు, స్టోరేజీ కలిపి తీసుకుంటున్న కరెంటు. ఇది యూపీఎస్ డిస్‌ప్లేలో అవుట్‌పుట్ కిలోవాట్లుగా కనిపిస్తుంది. రెండోది, ఏసీలు, యూపీఎస్ నష్టం, లైట్లు అన్నీ కలిపి ఆ గదికి వెళ్తున్న మొత్తం కరెంటు. దీనికోసం ప్యానెల్ బోర్డులో ఆ గది లైనుకు విడిగా ఒక ఎనర్జీ మీటర్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. మొత్తాన్ని సర్వర్ల వాడకంతో భాగిస్తే వచ్చేదే పీయూఈ. గ్రీన్ గ్రిడ్ అనే సంస్థ 2007లో ఈ కొలతను తెచ్చింది. 1 వస్తే ఒక్క యూనిట్ కూడా పక్కకు పోలేదన్నట్టు. 2 వస్తే సర్వర్ వాడే ప్రతి యూనిట్‌కూ ఇంకో యూనిట్ ఏసీలకూ యూపీఎస్‌కూ పోతోందన్నమాట. స్ప్లిట్ ఏసీలతో నడిచే చిన్న గదుల్లో 2, అంతకు పైన కూడా మామూలే.

లెక్క కోసం 6 కిలోవాట్ల సర్వర్ లోడ్ అనుకుందాం. అంటే ఏడాదికి దాదాపు 52,500 యూనిట్లు. పీయూఈ 2 అయితే మొత్తం 1,05,000. అదే 1.5కి దింపితే 79,000. మిగిలేది సుమారు 26,000 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా ఏటా రెండు లక్షల ముప్ఫై వేల పైచిలుకు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, అది కూడా 18 టన్నులు తగ్గుతుంది.

ఇప్పుడు దీన్ని సోలార్ పక్కన పెట్టి చూడండి. మన ప్రాంతంలో 10 కిలోవాట్ల రూఫ్‌టాప్ ప్లాంటు ఏడాదికి ఇచ్చేది 14 నుంచి 15 వేల యూనిట్లు. దానికి వెయ్యి చదరపు అడుగుల మిద్దె కావాలి. గదిని సరిచేసుకుంటే మిగిలే కరెంటు అంతకంటే ఎక్కువ, దానికి మిద్దె అక్కర్లేదు.

పీయూఈ ఒక్కటే చూస్తే మోసపోతాం. పనిలేని సర్వర్లను ఆపేస్తే బిల్లు తగ్గుతుంది కానీ, భాగించే అంకె చిన్నదవడంతో పీయూఈ పెరగొచ్చు కూడా. కాబట్టి మొత్తం యూనిట్లే అసలు కొలమానం, పీయూఈ దానికి తోడు. వీటితో పాటు గదికి అయ్యే నీళ్లు, ఏసీల్లోని గ్యాసు, మూలపడే సామాను ఎక్కడికి పోతుందన్నది, పనిచేసే మనుషులు ఉన్నారా లేరా అన్నది కూడా చూసుకోవాలి.

నాలుగు దారులు

కింది పట్టికలో స్మార్ట్ ర్యాక్ అంటే కూలింగ్, యూపీఎస్ లోపలే ఉండే మూసిన ర్యాక్. కోలొకేషన్ అంటే మన సర్వర్లను వేరేవాళ్ల డేటా సెంటర్‌లో అద్దె చోట పెట్టుకోవడం. క్లౌడ్ అంటే సర్వర్లనే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం. ఏఎంసీ అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం.

| చూడాల్సింది | ఉన్న గదినే సరిచేయడం | స్మార్ట్ ర్యాక్ | కోలొకేషన్ | క్లౌడ్ |
|---|---|---|---|---|
| మొదటి పెట్టుబడి | తక్కువ | బాగా ఎక్కువ | తక్కువ | దాదాపు లేదు |
| నెలవారీ ఖర్చు | కరెంటు, ఏఎంసీ | కరెంటు, ఏఎంసీ | అద్దె, కరెంటు, లింకు | వాడకాన్ని బట్టి, అదుపు తప్పే ప్రమాదం ఉంది |
| కరెంటు ఆదా | శ్రద్ధ పెడితే చాలా | బాగుంటుంది | ఆ సెంటర్ పీయూఈని బట్టి | వాడనిది ఆపేస్తే చాలా |
| ఇంటర్నెట్ పోతే | పని ఆగదు | పని ఆగదు | ఆగుతుంది | ఆగుతుంది |
| మనుషుల అవసరం | రోజూ చూసేవారు కావాలి | కొంత తక్కువ | సర్వర్ల వరకే | వేరే రకం నైపుణ్యం కావాలి |

నా ఉద్దేశంలో ఏ దారి పట్టినా మొదటి అడుగు ఒకటే. ఉన్న లోడ్‌ను తగ్గించుకోవాలి. పనికిరాని సర్వర్‌ను కోలొకేషన్‌కు తరలిస్తే దానికి అద్దె కట్టుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

లోడ్ తగ్గించడం

ఏ సంస్థలోనైనా జాబితా తీస్తే ఎవరివో తెలియని సర్వర్లు కొన్ని బయటపడతాయి. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, ఎప్పుడో ముగిసిన ప్రాజెక్టు, వెళ్లిపోయిన అడ్మిన్ పెట్టిన టెస్ట్ మెషీన్. పాత సర్వర్ ఏ పనీ చేయకపోయినా పూర్తి లోడ్‌లో తీసుకునే కరెంటులో మూడో వంతు నుంచి సగం దాకా లాగుతూనే ఉంటుంది. 200 వాట్లతో ఊరికే నడిచే ఒక్క సర్వర్ ఏడాదికి 1,750 యూనిట్లు తింటుంది. ఏసీ ఖర్చు దీనికి అదనం.

నెల రోజుల సీపీయూ, నెట్‌వర్క్ గ్రాఫులు చూడండి. ఎవరూ వాడట్లేదనిపించిన దాని నెట్‌వర్క్ కేబుల్ రెండు వారాలు తీసి ఉంచండి. ఎవరూ ఫోన్ చేయకపోతే బ్యాకప్ తీసి ఆపేయండి. మిగిలినవాటిని వర్చువలైజేషన్‌తో, అంటే ఒకే మెషీన్‌ను అనేక సర్వర్లుగా వాడే సాఫ్ట్‌వేర్‌తో, రెండు మూడు మెషీన్లలోకి సర్దండి. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక ఈ పనికి వాడే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు సబ్‌స్క్రిప్షన్ పద్ధతిలోకి మారాయి. దాంతో చిన్న సంస్థలు చాలావరకు అలాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్ వైపు చూస్తున్నాయి. రెండు మూడు సర్వర్లకు అది చక్కగా సరిపోతుంది.

పాత సర్వర్లు పది ఉండి ఒక్కోటి 200 వాట్లు, వాటి బదులు కొత్తవి రెండు ఒక్కోటి 400 వాట్లు అనుకుంటే 1.2 కిలోవాట్లు తగ్గాయి. ఏడాదికి 10,500 యూనిట్లు. కొత్త సర్వర్ కొనేటప్పుడు పవర్ సప్లైకి 80 ప్లస్ అనే సామర్థ్య రేటింగులో ప్లాటినం గానీ టైటానియం గానీ అడగండి. బయాస్‌లో (సర్వర్ మూల సెట్టింగుల్లో) పవర్ ప్రొఫైల్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్ మీద ఉండిపోకుండా చూసుకోండి.

గాలి దారి సరిచేయడం

కొత్త ఏసీ కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ర్యాక్ వెనక నిలబడి చూడండి. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. ర్యాక్‌లో సర్వర్ల మధ్య ఖాళీ అరలు తెరిచి ఉంటే ఆ వేడిగాలి అక్కడి నుంచే మళ్లీ ముందుకు వచ్చేస్తుంది. పై వరసలోని సర్వర్లు వేడెక్కుతాయి. దాంతో ఏసీని 18కి దించుతారు. ఆ ఖాళీలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు బిగించడం, కేబుళ్లు వెళ్లే కంతలకు బ్రష్ స్ట్రిప్పులు పెట్టడం, ఏసీ గాలి నేరుగా ర్యాక్ ముందు భాగానికి తగిలేలా చూడటం కొన్ని వేల రూపాయల్లో అయిపోయే పనులు. రూపాయి ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే పని ఈ గదిలో ఇంకోటి లేదు.

రెండు వరసల ర్యాకులుంటే ముందు భాగాలు ఎదురెదురుగా ఉండాలి. ఒకదాని వెనక భాగం ఇంకోదాని ముఖానికి తిరిగి ఉంటే, రెండో వరస వేడిగాలే పీలుస్తుంది.

ఉష్ణోగ్రత కొలవాల్సింది ఏసీ రిమోట్ మీద కాదు, సర్వర్ గాలి పీల్చే చోట. ఆష్రే అనే అమెరికా కూలింగ్ ఇంజినీర్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం అక్కడ 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలు. గది ఫ్రిజ్‌లా ఉండాలన్నది పాత రోజుల అలవాటు. ఏసీలో ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. ర్యాక్ పైన, మధ్యలో, కింద మూడు చిన్న సెన్సర్లు పెట్టి వారానికో డిగ్రీ చొప్పున పెంచుతూ 24, 25 దాకా వెళ్లండి. 27 దాటనివ్వకండి. అక్కడి నుంచి సర్వర్ల లోపలి ఫ్యాన్లు వేగం పెంచుకుని, ఏసీలో మిగిలిందంతా అవి తినేస్తాయి.

ఇంకొకటి చూడాల్సింది ఏసీ డ్రెయిన్ పైపు. సర్వర్లు చెమట పట్టవు కాబట్టి, మూసి ఉన్న సర్వర్ రూమ్‌లో ఆ పైపు దాదాపు పొడిగా ఉండాలి. అది రోజంతా కారుతోందంటే బయటి తేమగాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తోందన్నమాట. తలుపు కింద సందు, ఫాల్స్ సీలింగ్ పైన పక్క గదితో కలిసిపోయిన ఖాళీ, కేబుల్ కోసం కొట్టి వదిలేసిన కంత. రోజుకు 20 లీటర్ల బకెట్ నిండుతుంటే, ఆ తేమను నీరుగా మార్చడానికే ఏసీ నాలుగు యూనిట్ల పైన ఖర్చు చేస్తోంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఇది ఏడాదంతా జరిగే నష్టం. మరమ్మతు అంటే సీలెంటు, డోర్ స్వీప్, ఒక మేస్త్రీ పని.

ఏ కూలింగ్ తీసుకోవాలి?

గది ఎన్ని చదరపు అడుగులని అడిగి టన్నులు చెప్పేవారి మాట వినొద్దు. సర్వర్ రూమ్‌కు ఆ లెక్క పనికిరాదు. లోపల ఖర్చయ్యే కరెంటంతా వేడిగా మారుతుంది. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడి. సర్వర్లు 6 కిలోవాట్లు, యూపీఎస్ నష్టం కలిపి దాదాపు 7 కిలోవాట్లు, అంటే రెండు టన్నులు. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో ఏ ఏసీ అయినా రాసి ఉన్నంత చల్లబరచలేదు కాబట్టి కొంత ఎక్కువ వేసుకోవాలి.

| పద్ధతి | సరిపోయే లోడ్ | కరెంటు | ఇబ్బంది |
|---|---|---|---|
| ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీలు రెండు | 8 కిలోవాట్ల లోపు | బాగానే ఆదా | 24 గంటల వాడకానికి తయారు చేసినవి కావు, త్వరగా అరుగుతాయి |
| ప్రెసిషన్ ఏసీ (సర్వర్ గదుల కోసమే చేసినది) | 15 కిలోవాట్లు, ఆపైన | ఆ స్థాయిలో మంచిది | ధర, ఏఎంసీ ఎక్కువ |
| ర్యాకుల మధ్య పెట్టే ఇన్‌రో యూనిట్ | ఇరుకు చోట ఎక్కువ లోడ్ | చాలా మంచిది | ఒకటి చెడితే రెండోది ఉండాలి |
| నీటి ఆవిరితో చల్లబరిచేవి | పొడి వాతావరణం ఉన్నచోట | అతి తక్కువ | నీళ్లు, ఉప్పు పేరుకోవడం, తేమ |

చిన్న గదికి నా ఎంపిక రెండు ఇన్వర్టర్ ఏసీలు, ఒక్కటైనా మొత్తం లోడ్‌ను మోయగలిగే సైజువి. ఏటీఎం గదుల్లోలా టైమర్ పెట్టి వంతులవారీగా నడపడం పాత ఏసీలకు సరైన పద్ధతే. ఇన్వర్టర్ ఏసీ మాత్రం సగం లోడ్‌లో తక్కువ కరెంటుతో ఎక్కువ చల్లబరుస్తుంది కాబట్టి రెండింటినీ కలిపి నెమ్మదిగా నడపడమే చవక. కొనేముందు ఆటో రీస్టార్ట్ ఉందో లేదో అడగండి. రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చాక ఏసీ తనంతట తాను ఆన్ కాకపోతే, తెల్లారేసరికి గది కొలిమి అవుతుంది. అవుట్‌డోర్ యూనిట్లు నీడలో, గాలి ఆడే చోట పెట్టించండి. డక్ట్ షాఫ్ట్‌లో నాలుగు యూనిట్లు కుక్కితే ఒకటి వదిలిన వేడి ఇంకోటి పీలుస్తుంది.

గ్యాసు సంగతి కూడా చూడాలి. ఆర్-410ఎ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. ఆర్-32ది 675 రెట్లు. ఆర్-290, అంటే ప్రొపేన్, దాదాపు ఏమీ లేనట్టే, కాకపోతే అంటుకునే గుణం ఉంది. అది నింపిన ఏసీకి శిక్షణ ఉన్న టెక్నీషియన్ తప్పనిసరి.

నీటి ఆవిరి పద్ధతి ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో, రాయలసీమలో పనిచేస్తుంది. వానాకాలంలో పనిచేయదు, కోస్తాలో అసలు దండగ. మన 7 కిలోవాట్ల వేడికి రోజుకు 240 లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. బోరు నీళ్లైతే ప్యాడ్ల మీద ఉప్పు పేరుకుంటుంది. వేసవిలో ట్యాంకర్ కొనే కాలనీలో దీన్ని పర్యావరణహితం అనలేం. చిన్న గదులకు నేను వద్దంటాను.

యూపీఎస్, బ్యాటరీలు

ఇక్కడ జరిగే నష్టం కంటికి కనపడదు. పదేళ్ల కిందటి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 20 కేవీఏ యూపీఎస్ మీద 6 కిలోవాట్లే నడుస్తుంటే సామర్థ్యం 87 శాతం దగ్గర ఉండొచ్చు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌లెస్ యూపీఎస్ 95 దాకా ఇస్తుంది. తేడా ఏడాదికి 5,000 యూనిట్లు, ఆ వేడిని తీసేయడానికి ఏసీ ఖర్చు అదనం. ఎంత లోడ్ దగ్గర ఎంత సామర్థ్యమో చెప్పే పట్టిక అడిగి తీసుకోండి. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది ఎక్కువ లోడ్ దగ్గరి అంకె, మీరు నడిపేది 30 శాతం దగ్గర.

లైను కరెంటునే నేరుగా సర్వర్లకు పంపే ఎకో మోడ్‌లో సామర్థ్యం 98 శాతం దాటుతుంది. కానీ వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే చిన్న పట్టణాల్లో, గ్రామీణ ఫీడర్ల మీద అది మాటిమాటికీ మోడ్ మారుస్తూ టెన్షన్ పెడుతుంది. అక్కడ కరెంటు ఎప్పుడూ యూపీఎస్ గుండా సరై వచ్చే ఆన్‌లైన్ మోడే ఉంచుకోండి.

బ్యాటరీల్లో లెడ్ యాసిడ్ చవక, రీసైక్లింగ్ దారి కూడా బాగా స్థిరపడింది. అయితే మూడు నుంచి ఐదేళ్లకు మార్చాలి. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ముందు ఖర్చు ఎక్కువ. కానీ పదేళ్ల దాకా వస్తుంది, వేడిని కాస్త ఓర్చుకుంటుంది, బరువు తక్కువ. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) ఉంటే గంటల బ్యాకప్ అక్కర్లేదు, పది పదిహేను నిమిషాలు చాలు. బ్యాటరీలు ఎన్ని తగ్గితే అంత మంచిది.

స్మార్ట్ ర్యాక్

వర్టివ్, ష్నైడర్ లాంటి కంపెనీలు కూలింగ్, యూపీఎస్, సెన్సర్లు అన్నీ ఒకే మూసిన ర్యాక్‌లో పెట్టి ఇస్తాయి. గదంతా కాకుండా ర్యాక్ లోపలే చల్లబరుస్తుంది కాబట్టి ఆదా నిజమే. కొత్త భవనంలో మొదటిసారి పెట్టేవారికీ, విడిగా గది లేక ఆఫీసు మూలలో పెట్టాల్సినవారికీ ఇది బాగుంటుంది. ఇప్పటికే గది, ఏసీలు ఉన్నవారికి మాత్రం పెట్టుబడి తిరిగిరావడం కష్టం.

కోలొకేషన్, క్లౌడ్

పెద్ద డేటా సెంటర్లు మన చిన్న గదికంటే తక్కువ కరెంటుతో చల్లబరుస్తాయి. పరికరాలు పెద్దవి, చూసుకునే మనుషులు 24 గంటలూ ఉంటారు. హైదరాబాద్‌లో కంట్రోల్ఎస్ వంటి సంస్థలు ర్యాకులు అద్దెకిస్తున్నాయి. ఒప్పందానికి ముందు డిజైన్ పీయూఈ కాదు, గత ఏడాది కొలిచిన పీయూఈ ఎంతో అడగండి. కరెంటులో ఎంత భాగం సోలార్, పవన విద్యుత్తు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి అన్నవి కూడా అడగండి. రాతపూర్వకంగా చెప్పలేనివారి దగ్గర ప్రకటనలో రాసిన గ్రీన్ మాటకు విలువ లేదు.

క్లౌడ్ విషయంలో దూరం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. అమెజాన్ 2022 నవంబర్‌లోనే హైదరాబాద్ రీజియన్, అంటే తన క్లౌడ్ డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. అడ్మిషన్లు, ఫలితాల సమయంలో వారం రోజులు రద్దీ ఉండి మిగతా ఏడాది ఖాళీగా ఉండే వెబ్‌సైటుకు క్లౌడ్‌ను మించింది లేదు. రోజంతా ఒకే లోడ్‌తో నడిచే డేటాబేస్‌కు మాత్రం నెల బిల్లు భారంగా ఉంటుంది. ఉన్న సర్వర్లను ఉన్నట్టే క్లౌడ్‌లోకి ఎత్తిపెట్టి రాత్రింబగళ్లు ఆన్‌లో ఉంచితే డబ్బూ పోతుంది, కరెంటూ పోతుంది. కాకపోతే ఆ కరెంటు మీ మీటర్‌లో కనిపించదు.

ఎవరికి ఏది?

ఇంజినీరింగ్ కాలేజీకి గదిని సరిచేయడమే మేలు. ల్యాబులకు లోకల్ సర్వర్లు కావాలి, మిద్దెలు విశాలంగా ఉంటాయి, సెలవుల్లో సగం సర్వర్లు ఆపొచ్చు. వెబ్‌సైటు, మెయిల్ బయటికి పంపేయండి. లోడ్ తగ్గించాక సోలార్ వేయండి. నెట్ మీటరింగ్ ఉంటే పగలు మిగిలిన కరెంటు గ్రిడ్‌కు వెళ్లి లెక్కలో కలుస్తుంది. క్యాంపస్‌కు మంజూరైన లోడ్ 100 కిలోవాట్లు, ఆపైన ఉంటే 2022 నాటి గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనల కింద బయటి నుంచి పునరుత్పాదక విద్యుత్తు కొనే వీలు కూడా ఉంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే, సీటీ చిత్రాలు తెరవడానికి ఇంటర్నెట్ కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు. ఈమధ్య తీసిన చిత్రాలు లోకల్ సర్వర్‌లో, పాతవి క్లౌడ్‌లోని చవక స్టోరేజీలో పెట్టండి. రెండు ఏసీలు, మంచి యూపీఎస్ విషయంలో రాజీ వద్దు. ఆదా అంతా గాలి దారి సరిచేయడంలో, లోడ్ సర్దడంలో వెతకండి.

సహకార బ్యాంకు, క్రెడిట్ సొసైటీలకు కోలొకేషన్ బాగా నప్పుతుంది. ఆడిట్, భద్రత, డీఆర్ సైటు (ప్రమాదం జరిగితే ఆదుకునే రెండో చోటు) అన్నీ అక్కడ తేలికవుతాయి. బ్రాంచిలకు రెండు వేర్వేరు కంపెనీల లింకులు మాత్రం తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్లౌడ్ సహజం. టెస్ట్ మెషీన్లు రాత్రి తొమ్మిదికి ఆగి ఉదయం తొమ్మిదికి మొదలయ్యేలా షెడ్యూల్ పెట్టండి. వారాంతాలు కూడా కలుపుకుంటే దాదాపు మూడింట రెండు వంతుల సమయం అవి ఆగి ఉంటాయి.

డీజీ సెట్ గురించి ఒక్క మాట. లీటరు డీజిల్‌కు చిన్న జనరేటర్ మూడు యూనిట్లకు కాస్త అటూ ఇటూ ఇస్తుంది, 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అవసరానికి మించిన సైజుది తక్కువ లోడ్‌లో నడిస్తే మసి పట్టి ఇంకా దండగ. కొత్తది కొంటే 2023 జులై నుంచి అమల్లోకి వచ్చిన, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన సీపీసీబీ-4 ప్లస్ ప్రమాణాలకు తగ్గదే తీసుకోండి.

తీసేసిన సామాను

పై పనుల్లో ఏది చేసినా పాత సర్వర్లు, బ్యాటరీలు, ఏసీలు మిగులుతాయి. వాటిని తూకానికి అమ్మేస్తే హార్డ్ డిస్కుల్లోని డేటా, బ్యాటరీల్లోని సీసం ఎక్కడికి చేరతాయో చెప్పలేం. ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి, బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు 2022 నుంచి అమల్లో ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. డిస్కులను ముందే పూర్తిగా చెరిపించండి. ఏసీ విప్పేటప్పుడు టెక్నీషియన్ గ్యాసును గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి తీసుకునేలా వర్క్ ఆర్డర్‌లోనే రాయించండి. ఒక కిలో ఆర్-410ఎ బయటికి పోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అంటే సుమారు మూడు వేల యూనిట్ల ఆదా ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోతుంది.